వెనక్కి తిరిగి చూసిన వెంకటక్క

మా వంకలదిన్నెలో నీళ్ళంటే భయపడే మనిషి ఒక్కరూ ఉండేవారు కాదు. భయపడటానికి నీళ్ళుంటే కదా! పెనుకొండ నుంచి బుక్కపట్నం పోయే దారిలో బస్సు దిగి, చేలకు అడ్డంపడి నడిస్తే మా ఊరు వస్తుంది. దిన్నెకు అటొక వంక, ఇటొక వంక, ముందర చెరువు. కాగితం మీద గీసి చూపిస్తే ఎవరైనా ఇదేదో దీవి అనుకుంటారు. వచ్చి చూస్తే సంగతి తెలుస్తుంది. వంకల్లో ఇసుక, చెరువులో కంపచెట్లు, ఆ కంపచెట్ల నడుమ మేస్తూ ఒక గొర్రెల మంద. ఆ మంద మా వెంకటక్క వదినది.

వదిన అంటే సొంత అన్న భార్య కాదు, వరసకు వదిన. ఊరి మిట్ట మీద, బడి పక్కన నాకొక చిల్లర అంగడి ఉంది. పొద్దున్నే మందను తోలుకుపోతూ ఆమె నా అంగడి ముందర ఆగుతుంది. ఆకూవక్కా తీసుకొని, నన్ను ఒక మాట అననిదే కదలదు.

"ఏమబ్బా జయరామా, ఆ జాడీలో బిస్కట్లు నిన్న ఎన్నుండాయో ఈపొద్దూ అన్నే ఉండాయే. ఎవురూ రాల్యా? వచ్చి నీ మొగం చూసి ఎనక్కి పోయినారా?"

"నీ గొర్రెలు నిలబడితే మనుషులు యాడ వస్తారు వదినా" అంటాను నేను. ఇది మాకు కాఫీ తాగినట్టు రోజూ జరగాల్సిందే.

భర్త పోయి చాలా కాలమైంది. కొడుకూ కోడలూ హిందూపురంలో ఫ్యాక్టరీ పనికి పోయి అక్కడే బాడుగింట్లో ఉంటున్నారు. మనవరాలు యమున మాత్రం అవ్వ దగ్గరే ఉండి మా బడిలో చదువుతోంది. వెంకటక్కకు ఆస్తి అని చెప్పుకోవడానికి ఆ మంద, రెండు గదుల ఇల్లు, అటక మీద గుడ్డలో చుట్టిపెట్టిన ఒక ఇత్తడి తాంబాళం ఉన్నాయి.

ఆ తాంబాళం సంగతి చెప్పాలి. చెరువు నిండి మరువ పారితే, అంటే కట్ట చివరనున్న రాతి అంచు మీదుగా నీళ్ళు పొర్లితే, ఆ రోజు మా ఊళ్ళో గంగమ్మకు జ్యోతి ఎత్తుతారు. బియ్యప్పిండితో దీపం చేసి, నెయ్యి పోసి వెలిగించి, తాంబాళంలో పెట్టి తలమీద మోసుకుంటూ వంక దాటి మరువ దాకా పోవాలి. మొదటి జ్యోతి ఎత్తే హక్కు వెంకటక్క వాళ్ళింటిది. ఆమె వెనక చిన్న జ్యోతులతో ఆడవాళ్ళు, పిల్లలు. వాళ్ళ వెనక ఉరుములనే డోళ్ళు వాయించేవాళ్ళు, మొగవాళ్ళు. మొదటి జ్యోతి ఎటు పోతే ఊరు అటు పోవాలి. ఇంకొక కట్టడి కూడా ఉంది. జ్యోతి ఎత్తిన మనిషి మరువ చేరేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు.

వెంకటక్క కోడలిగా వచ్చినప్పటి నుంచీ చెరువు ఒక్కసారి కూడా నిండలేదు. అంతకు ముందు వాళ్ళ అత్త బాలనాగమ్మ ఒక్కసారి ఎత్తింది. అప్పటికి నేను పసివాణ్ణి, మా నాయన భుజం మీద కూర్చొని మరువ చూశాను. ఆ చప్పుడు తప్ప నాకు ఇంకేమీ గుర్తులేదు. ఏటా తొలకరి మబ్బు కనిపించగానే వెంకటక్క ఆ తాంబాళం కిందికి దించి చింతపండుతో తోముతుంది. వాన ఎగ్గొట్టిందని తేలాక మళ్ళీ గుడ్డలో చుట్టి పైన పెడుతుంది.

"ఎందుకొదినా, ఊరికే అరిగిపోతాది" అన్నాను ఒకసారి.

"నేను అరిగిపోయే లోపల ఒక్కతూరి ఎత్తితే చాలబ్బా" అంది.

నవ్వుతూనే అంది కానీ, ఆ మాట తరవాత నన్ను ఎగతాళి చెయ్యడం మరిచిపోయి మంద వెంట పోయింది. ఆమె కోసం ఆమె కోరుకున్నది అదొక్కటే. కొడుకు బాగుండాలి, మనవరాలు చదవాలి అని అందరూ కోరుకునేవి వేరే. ఇది మాత్రం తనది.

ఇట్లాంటి ఊరికి గీతాంజలి టీచరు వచ్చింది. ధర్మవరం పిల్ల, నేతగాళ్ళ ఇంటి నుంచి వచ్చింది. బడి పక్కనే గది తీసుకొని ఉంది. వచ్చీరాగానే పిల్లలకు నీళ్ళ పాఠం మొదలుపెట్టింది. బడి గంట ఆపకుండా మోగితే ఏ ఇంటివాళ్ళు ఏ సందులోంచి మిట్ట ఎక్కాలి, ముసలివాళ్ళ చెయ్యి ఎవరు పట్టుకోవాలి, గొడ్లనూ గొర్రెలనూ ఎటు తోలాలి, ఇదీ పాఠం. పిల్లల్ని వరసగా వంక దాకా దించేది, వరసగా బడి మెట్ల దాకా ఎక్కించేది. ఊరంతా కడుపు పట్టుకొని నవ్వింది. ట్యాంకరు వస్తుందని బిందెలు వరసపెట్టుకొని కూర్చునే ఊళ్ళో వరద నుంచి పరిగెత్తడం నేర్పిస్తుంటే నవ్వక ఏం చేస్తారు? అందరికంటే గట్టిగా నవ్వింది వెంకటక్క.

"టీచరమ్మా, వరదొచ్చే రోజు నాకు ముందే చెప్పు తల్లీ, నా గొర్రెలకు ఈత నేర్పించుకుంటా" అంది.

గంట మోగితే నేను ముందు బెల్లం ఎత్తుకోవాలా, పప్పు ఎత్తుకోవాలా అని నేనూ అడిగాను. ఊరికే ఉంటే నా నోరు ఊరుకోదు.

టీచరు కోపం తెచ్చుకోలేదు. ఒక సాయంత్రం నా అంగడి బల్ల మీద కూర్చొని వాళ్ళింటి సంగతి చెప్పింది. వాళ్ళ నాయనది గుంత మగ్గం. నేలలో గుంత తీసి, అందులోకి కాళ్ళు దించుకొని నేస్తారు. ఒక ఏడు ధర్మవరంలో వాన కుమ్మరించినప్పుడు నీళ్ళు మొదట ఆ గుంతలోకే చేరాయి. మగ్గం మీద సగం నేసిన పట్టుచీర ఉంది. పోగులు తెంపి, చీర తీసుకొని బయటికి రమ్మని ఇంట్లోవాళ్ళు మొత్తుకున్నారు. సగం చీర తెంపడానికి ఆయనకు చేతులాడలేదు. కూర్చునే ఉన్నాడు. నానిన గోడ ఆయన కాళ్ళ మీద కూలింది.

"మా నాయన బతికినాడు జయరామన్నా, కానీ మళ్ళా మగ్గం తొక్కలేదు" అంది టీచరు. "మనది ఎండకు అలవాటైన సీమ. వానొస్తే దాక్కోవాలని మనకు తోచదు, ఎదురుపోవాలని తోస్తాది. ఇప్పుడు వానలు ముందు మాదిరి రావట్లేదు. రాకుంటే ఏండ్లు రావు, వస్తే ఒక్కసారిగా మీద పడతాయి."

ఆ రోజు నేను ఎగతాళి చెయ్యలేదు. నాకు ఆ పిల్లను చూస్తే జాలేసింది, కాస్త గౌరవం కూడా కలిగింది.

ఆమె ఇంకొక పని కూడా పెట్టుకుంది. ఊళ్ళో పెద్దవాళ్ళను ఒక్కొక్కరినే బడికి పిలిచి, నీళ్ళ గురించి వాళ్ళకు గుర్తున్నది పిల్లలకు చెప్పమనేది. వెంకటక్క వంతు వచ్చినప్పుడు తాంబాళంతో సహా వచ్చింది. నా అంగడికీ బడికీ మధ్య ఒకటే గోడ, కిటికీకి తలుపు లేదు. కాబట్టి నేనూ ఆ తరగతిలో ఉన్నట్టే. వాళ్ళ అత్త ఎట్లా జ్యోతి ఎత్తింది, ఉరుములు ఎట్లా మోగాయి, మరువ మీద నీళ్ళు ఎట్లా దూకాయి, తాను చూడకపోయినా చూసినట్టు చెప్పుకుపోయింది. పిల్లలు నోరు తెరుచుకొని విన్నారు. అంతా అయ్యాక యమున అడిగింది.

"అవ్వా, పోయినోళ్ళందరూ తిరిగొచ్చినారా?"

గోడకు ఇవతల నా చేతిలో తక్కెడ ఆగిపోయింది. ఆ ప్రశ్న మా ఊళ్ళో ఎవరూ అడగరు. వెంకటక్క తాంబాళాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"ల్యా" అంది. "మా అత్త కూతురు రత్నమ్మ రాలేదు. నీ అంతే ఉంటాది. చిన్న జ్యోతి ఎత్తుకొని వాళ్ళమ్మ ఎనకనే నడస్తా ఉన్నింది. వంకలో కాలు జారినాది. మొగోళ్ళు దూకి ఎతికినారు, దొరకలే. ముందర పోతాండే అమ్మకు మాత్రం ఎవురూ చెప్పలేదు. జ్యోతి ఆగకూడదు కదా. మరువ కాడ తాంబాళం దించి ఎనక్కి తిరిగి చూస్తే బిడ్డ లేదు."

రత్నమ్మ సంగతి ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. గంగమ్మ మెచ్చి పిలుచుకుందని చెప్పుకునేవాళ్ళు. మా ఊరి పెద్ద మారప్పన్న అయితే అదేదో ఊరికి దక్కిన గొప్ప మాదిరి చెప్పేవాడు. కానీ ఆ తరవాత వెంకటక్క చెప్పింది మాత్రం నాకూ కొత్తే.

"మా అత్త మంచంలో ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకొని చెప్పింది. తల మీది దీపం ఆరకూడదని దాని మీదనే ధ్యాస పెట్టినా గానీ, ఎనక నా బిడ్డ ఉండాదా అని చూడలేదే వెంకటక్కా, అని ఏడ్చినాది."

టీచరు మెల్లగా లేచి ఆమెకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆ తరవాత వెంకటక్క నీళ్ళ పాఠాన్ని చూసి నవ్వడం మానేసింది. గొర్రెల మేతకని వేరుశనగ కట్టెను మిట్ట మీదికి చేర్చి, బడి వెనక వామి వేయించింది. గంట మోగినప్పుడు మంద ఎటు ఎక్కాలో గొర్రెలకు కూడా అలవాటు చేసింది. అట్లాగని తాంబాళం తోమడం మానలేదు. ఆమెకు పాఠమూ కావాలి, జ్యోతీ కావాలి. ఆ రెండూ ఒకే రోజున ఎదురుపడతాయని ఎవరనుకున్నారు?

కార్తీకంలో పట్టింది వాన. పట్టిన వాన విడవలేదు. చెరువులో కంపచెట్లు మునిగాయి, కొమ్మల చివర్లు కూడా మునిగాయి. ఒక పొద్దున వాన తెరిపిచ్చింది, మబ్బు చీలి ఎండ కనిపించింది. అదే సమయానికి కట్ట మీది నుంచి కేక వచ్చింది. మరువ పారుతోంది!

ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. ముసలివాళ్ళు ఏడ్చారు. నేను అంగడి మూయడం కూడా మరిచిపోయాను. వెంకటక్క తలంటుకొని, పసుపు రాసుకొని, కొడుకు పెళ్ళికి ధర్మవరంలో కొన్న పట్టుచీర కట్టుకొని, తాంబాళంతో బయటికి వచ్చింది. ఆమె ముఖం నేను అట్లా ఎప్పుడూ చూడలేదు. ఎగతాళి మాట ఒకటి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

టీచరు ఫోను పట్టుకొని పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎగువన చెరువులు ఒకదాని వెనక ఒకటి పొంగుతున్నాయని, ఆ నీళ్ళన్నీ మన వంకల్లోకే వస్తాయని కబురొచ్చింది. "ఎప్పుడొస్తాయో తెలీదు. ఈపొద్దు వంక దాటొద్దండి" అని బతిమాలింది.

మారప్పన్న కసురుకున్నాడు. "ఇంత కాలానికి తల్లి వచ్చినాది. ఎదురుపోకుండా ఇంట్లో కూచుంటే అది పూజనా? వంకలో దాటే రాతి చప్టా మీద నీళ్ళు మడమలక్కూడా రావు. బిరీన పొయ్యి బిరీన వస్తాం. నువ్వు గమ్మునుండమ్మా."

వెంకటక్క టీచరు దగ్గరికి వచ్చింది. "తల్లీ, నన్ను ఆపద్దు. ఆయుసంతా దీనికోసమే చూస్తాండా" అంది. టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ వాదించలేదు. "నేను గంట కాడనే ఉంటా అవ్వా" అని బడి వైపు పోయింది.

జ్యోతి ఎత్తారు. ఉరుములు మోగాయి. ముందర వెంకటక్క, ఆమె వెనకనే చిన్న జ్యోతితో యమున, ఆ వెనక ఊరు. నేను పక్కన నడుస్తున్నాను. మిట్ట దిగి వంక దగ్గరికి వచ్చాం. మారప్పన్న అబద్ధం చెప్పలేదు. వంక మీది చప్టా పైన నీళ్ళు పలుచగానే ఉన్నాయి. ఎర్రటి నీళ్ళు, వాటి మీద పుల్లలూ ఆకులూ పరుగెత్తుతున్నాయి. వెంకటక్క చెప్పులు లేని కాలు ఒకటి నీళ్ళలో పెట్టింది. రెండో కాలు ఎత్తలేదు.

వెనక నుంచి ఉరుములు తోస్తున్నట్టే మోగుతున్నాయి. "పద వదినా" అన్నాను. నేనే అన్నాను. ఆమె వినలేదు. తాంబాళాన్ని రెండు చేతులా పట్టుకొని మెల్లగా మెడ తిప్పింది, తరవాత ఒళ్ళంతా తిప్పింది. వెనక్కి తిరిగి చూసింది.

యమున అక్కడ ఉంది. చిన్న చెయ్యి పైకెత్తి తలమీది పళ్ళెం పట్టుకొని, అవ్వ జ్యోతి మీదనే చూపు నిలిపి ఉంది. కాళ్ళ కింద ఏముందో ఆ పిల్ల చూడటంలేదు. దాని వెనక బడిపిల్లలందరూ అట్లాగే నిలబడ్డారు.

ఉరుములు ఆగిపోయాయి. మారప్పన్న ముందుకు దూసుకొచ్చాడు. "ఏమ్మే, తిరిగి చూసినావే! జ్యోతి ఎత్తినాక తిరిగి చూస్తారా ఎవురన్నా?"

"చూసినా మారప్పన్నా" అంది. "మా అత్త చూడలేదు. నేను చూసినా."

అని, నీళ్ళలోంచి కాలు తీసి, తలమీద జ్యోతితోనే మిట్ట వైపు నడిచింది. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. మారప్పన్న అడ్డం రాబోయి ఆగాడు. మొదటి జ్యోతి ఎటు పోతే ఊరు అటు పోవాలి. ఆ కట్టడి పెట్టింది మన పెద్దలే. ఎవరికీ ఏం చెయ్యాలో తోచక అందరం ఆమె వెనకనే నడిచాం.

ఆమె తిన్నగా బడి దగ్గరికి పోయి, కింది మెట్టు మీద తాంబాళం దించింది. "నిండిన తల్లి మన గడపకే వస్తాది. రానీ. పూజ ఈడనే" అంది.

"ఊరికి అరిష్టం తగిలితే?" అన్నాడు మారప్పన్న.

"నన్నే అనండి. ఎవురికి ఏ కష్టమొచ్చినా నా పేరే చెప్పుకోండి."

చాలామంది అన్నారు కూడా. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆమెను తిట్టనివాళ్ళు లేరు. నేను అంగట్లో మొగం గంటు పెట్టుకొని కూర్చున్నాను. కోపమో, మరువ చూసే భాగ్యం పోయిందన్న బాధో నాకే తెలీదు. ఆమె మెట్టు దగ్గర నుంచి లేవలేదు.

మధ్యాహ్నం దాటాక బడి గంట మోగింది. మోగి ఆగలేదు. ఎగువ నీళ్ళు వచ్చాయి. రెండు వంకలూ ఒక్కసారే లేచాయి. మేం చూస్తుండగానే చప్టా విరిగి, రాళ్ళు దొర్లుకుంటూ పోయాయి. పల్లంలో ఉన్న వీధి మునిగింది. పాఠం నేర్చిన పిల్లలు పెద్దవాళ్ళ చేతులు పట్టుకొని సందులు చూపించుకుంటూ ఎక్కించారు. సాయంత్రానికి మా దిన్నె చుట్టూ నీళ్ళే. సముద్రం ఎట్లుంటుందో తెలియని మేము దీవిలో ఉన్నాం.

నీళ్ళు తీసేదాకా బడిలోనే ఉన్నాం. నా అంగడి సరుకే ఊరి సరుకు. ఒకటే పొయ్యి, ఒకటే సంగటి కుండ. మంద వామి మేసి బతికింది. మారప్పన్న రోజూ మిట్ట చివర నిలబడి ఉరుము వాయించేవాడు, అవతలి గట్టువాళ్ళకు మేం క్షేమమని తెలియడానికి. పిల్లలకు భయం పోవడానికి సాయంత్రాలు భజనలు పెట్టారు. మొదటి రోజు నీళ్ళు కింది మెట్టు దాకా వచ్చి తాంబాళాన్ని తడిపినప్పుడు, కర్పూరం వెలిగించి హారతి ఇచ్చింది మారప్పన్నే. వెంకటక్కతో మాత్రం మాట్లాడలేదు. ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. పూజ ముగించుకొని వరద రాకముందే తిరిగొచ్చి ఉండేవాళ్ళమని ఆయన వాదన. కావచ్చు, కాకపోవచ్చు. ఆ వాదన మా అంగడి బల్ల మీద ఇంకా నడుస్తూనే ఉంది.

దారి తేలాక వెంకటక్క మరువ చూస్తానంది. నేను తోడు పోయాను. మేం పోయేసరికి మరువ ఆగిపోయింది. రాతి అంచు మీద తడి, పాచి, ఒకటి రెండు చేపపిల్లలు. ఆమె వంగి ఆ రాయిని చేత్తో తడిమింది. జీవితమంతా కాచుకున్నది వచ్చి, ఆమె చూడకుండానే పోయింది.

"ఎట్ల పారింటాదబ్బా?" అంది.

నాకు గుర్తున్న ఆ చప్పుడు గురించి చెప్పాను. తెలిసినంత చెప్పి, తెలియనిది కొంత కల్పించాను. ఆమె కళ్ళు మూసుకొని విన్నది. "నువ్వు కోతలు కోస్తాండావులే" అని నవ్వి, చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

బడి తెరిచాక టీచరు ఆమెను మళ్ళీ పిలిచింది. తాంబాళం పట్టుకొని పోయింది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. వాన ఎట్లా పట్టింది, ఏ చీర కట్టుకుంది, ఉరుములు ఎట్లా మోగాయి, అంతా చెప్పింది. పిల్లలు అందులో తామూ ఉన్నారని మరిచిపోయి మరీ విన్నారు. చెప్పడం అయ్యాక యమున చెయ్యెత్తింది.

"అవ్వా, మరి ఈతూరి అందరూ తిరిగొచ్చినారా?"

వెంకటక్క తరగతి అంతా ఒకసారి కలియజూసింది. మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఒక్కొక్క మొగమే చూసుకుంటూ పోయింది.

"ఈతూరి ఎవురూ పోలేదు కదే" అంది. "అందరూ ఈడనే ఉండారు."